గోడమీద నిచ్చెన

బొమ్మ గీసి విషయం చెప్పే విద్యని ఈమధ్యే ఎవరో కంప్యూటర్ల ముందు కూర్చుని కనిపెట్టారంటే మన ఆడవాళ్ళు ముసిముసిగా నవ్వుకుంటారు. "15 చుక్కలు, సందు చుక్క, 8 వచ్చేవరకు" అని ఒక్క ముక్క రాసి, పక్కన అగ్గిపెట్టంత బొమ్మ వేస్తే చాలు. చిత్తూరులో ఎవరో పంపిన ముగ్గు శ్రీకాకుళంలో ఎవరి వాకిట్లోనో తెల్లారేసరికి విరిసి వుంటుంది. గళ్ళ కాగితంమీద నల్లగడి, తెల్లగడి చూసి దిండు గలీబుమీద నెమలిని కుట్టెయ్యటం మనకి కొత్తా? లెక్క, బొమ్మ, మాట మూడూ కలిసి ఒక్క చూపులో బుర్రకెక్కటం మనకి ఎప్పటినుంచో అలవాటే!

దానికిప్పుడు "ఇన్ఫోగ్రాఫిక్" అని పేరొచ్చింది. పేపరు తిరగేస్తే అదే. వానెంత పడింది, మామిడికాయ టన్ను ఎంత పలికింది, ఏ ఊరికి ఎన్ని బస్సులు... అన్నీ బొమ్మల్లోనే. లెక్కల క్లాసులో, సైన్సు క్లాసులో బొమ్మలుంటే ఎవరూ కాదనరు. కానీ భాష నేర్పే క్లాసులో ఈ బొమ్మలకేం పని? భాషంటే మాట కదా!

ఈ అనుమానం నాది కాదు, మా వదినది. ఆవిడ తిరుపతి చుట్టుపక్కల బళ్ళలో ముప్పయ్యేళ్ళు తెలుగు చెప్పిన మనిషి. "బొమ్మ చూపించినామనుకో, పిలకాయలు దాన్నే చూస్తా కూర్చుంటారు. నోరు తెరవరు. చూసేదానికి వుంటే చదివేదెందుకు అనుకుంటారమ్మా!" అంటుంది. ఆవిడ మాట కొట్టిపారేసేది కాదు. అందుకే, అసలు బొమ్మ భాషాపాఠంలోకి ఎలా వచ్చింది, వచ్చి ఏం చేసింది అని కాస్త వెనక్కి వెళ్ళి చూశాను. ఆ దారి ఎక్కడెక్కడో తిరిగి చివరికి మన మదనపల్లె దగ్గరికే వచ్చి ఆగింది.

మొదట చెప్పుకోవలసింది కొమీనియస్ అనే మాస్టారి గురించి. ఇప్పటి చెక్ దేశంలోని మొరేవియాలో 1592లో పుట్టాడు. ముప్పయ్యేళ్ళ యుద్ధం అని యూరపు చరిత్రలో చదువుకుంటామే, ఆ యుద్ధంలో ఊరు పోయింది, పుస్తకాలు పోయాయి. ప్లేగు వచ్చి భార్యనీ పిల్లల్నీ తీసుకుపోయింది. దేశదేశాలు పట్టుకుని తిరిగాడాయన. అంత దుఃఖం మోసిన మనిషి కూర్చుని ఏం రాశాడు? పసిపిల్లలకి బొమ్మల పుస్తకం!

1658లో నూరెంబర్గులో అచ్చయిన ఆ పుస్తకంలో నూటయాభై బొమ్మలు. వంటిల్లు, వడ్రంగి కొట్టు, తోట, వాన, బడి... బొమ్మలో ఒక్కొక్క వస్తువుకీ ఒక అంకె. కింద అదే అంకెవేసి లాటిన్‌లో ఒక మాట, జర్మన్‌లో ఒక మాట. పిల్లవాడు బొమ్మలో మూడో అంకె చూస్తాడు, కింద మూడో అంకె దగ్గర మాట చదువుతాడు, మళ్ళీ బొమ్మకి పోతాడు. అంతే యంత్రాంగం. చూడటానికి ఎంత చిన్న సంగతి! కానీ అంతవరకూ లాటిన్ అంటే బెత్తం దెబ్బలకి భయపడి వల్లెవెయ్యటమే. ఆ పుస్తకంతో మాటకీ వస్తువుకీ మధ్య దారం కట్టినట్టయింది. మరుసటి ఏడే ఇంగ్లీషులోకి వెళ్ళింది. తరవాత రెండు వందల ఏళ్ళు యూరపు పిల్లలు దాన్ని చూసి చదువుకున్నారు.

గమనించారా? ఆయన బొమ్మ వేసి వూరుకోలేదు. అంకె వేశాడు. ఆ అంకె లేకపోతే అది గోడకి తగిలించుకునే బొమ్మ. అంకె వుంది కాబట్టి అది పాఠం.

ఆ తరవాత లెక్కలకి బొమ్మలొచ్చాయి. 1786లో విలియం ప్లేఫేర్ అనే స్కాట్లండు ఆయన ఎగుమతులూ దిగుమతులూ గీతల్లో, పట్టీల్లో చూపించాడు. 1858లో మనకందరికీ తెలిసిన ఫ్లోరెన్స్ నైటింగేల్ ఒక పువ్వులాంటి బొమ్మ వేయించింది. క్రిమియా యుద్ధంలో సిపాయిలు గాయాలతో చచ్చిందానికంటే, ఆస్పత్రుల్లో మురికివల్ల వచ్చిన రోగాలతో చచ్చిందే ఎక్కువని ఆ రేకులు చూస్తే మంత్రులకి కూడా అర్థమయింది. దీపం పట్టుకున్న దేవతగానే ఆమెని మనకి పాఠాల్లో చెప్పారు. లెక్కల పుస్తకం పట్టుకున్న నైటింగేల్‌ని ఎందుకు చెప్పలేదో!

ఇరవయ్యో శతాబ్దంలో ఈ కథ వియన్నాకి చేరుతుంది. 1925లో అక్కడ ఓట్టో న్యూరాత్ అనే పండితుడు ఒక మ్యూజియం తెరిచాడు. చదువుకోని కూలివాళ్ళకి తమ ఊరి లెక్కలు తామే తెలుసుకునే హక్కుందని ఆయన పట్టు. ఆయనతో పనిచేసిన మేరీ అనే యువతి, తరవాత ఆయన భార్య అయింది, అంకెల గుట్టలోంచి ఏది తీసి ఎలా బొమ్మ చెయ్యాలో నిర్ణయించేది. మనింట్లో సరుకంతా ముందు పోసి "ఇందులో ఏం వండాలి?" అంటే తేల్చే మనిషి వుంటుందే, అటువంటి పని. వాళ్ళ పద్ధతికి 1935లో "ఐసోటైప్" అని పేరు పెట్టింది కూడా మేరీయే.

వాళ్ళ నియమం ఒకటి నాకు భలే నచ్చింది. రెండింతల పంట చూపించాలంటే రెండింతల పెద్ద బస్తా గియ్యకూడదు. అదే బస్తా రెండుసార్లు గియ్యాలి. పెద్ద బస్తా చూస్తే కన్ను మోసపోతుంది. రెండు బస్తాలుంటే పసివాడైనా వేలు పెట్టి లెక్కపెడతాడు. నిజాయితీ అంటే ఇదీ!

హిట్లరు కాలంలో వాళ్ళు వియన్నా వదిలి హాలండుకి, 1940లో అక్కణ్ణించి పడవమీద ఇంగ్లండుకి పారిపోయారు. ఈ హడావుడి ముదరకముందే, 1937లో, కొద్దిపాటి మాటలతో ఇంగ్లీషు నేర్పటానికి న్యూరాత్ పూర్తిగా ఈ బొమ్మలతోనే ఒక పుస్తకం వేశాడు. అంటే లెక్కల బొమ్మ భాషాపాఠంలోకి అప్పుడే కాలుపెట్టింది. 1945లో ఆయన పోయాక మేరీ ఆ పనిని మరో పాతికేళ్ళు ఒంటరిగా నడిపింది. పిల్లల పుస్తకాలెన్నో చేసింది. 1950లలో పశ్చిమ నైజీరియాకి వెళ్ళి అక్కడి జనం కోసం బొమ్మలు వేయించింది. వియన్నా బొమ్మలు అక్కడ పనికిరావని గ్రహించి, అక్కడి ఇళ్ళూ, అక్కడి బట్టలూ, అక్కడి రంగులూ తెలుసుకుని బొమ్మల్ని మార్చింది. ఈ సంగతి మాత్రం గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది.

సరే, వియన్నా దాకా ఎందుకు? మన కాళహస్తి వుంది. ఇప్పుడు తిరుపతి జిల్లాలో చేరిందిగానీ మా చిన్నప్పుడంతా చిత్తూరు జిల్లాయే. అక్కడి కలంకారీ గుడ్డ ఎప్పుడైనా తీరిగ్గా చూశారా? పాలూ కరక్కాయా కలిపిన నీళ్ళలో ముంచి ఆరేసిన గుడ్డమీద, చింతబరికె బొగ్గుతో గీసి, వెదురు కలంతో నల్లగీత దిద్దుతారు. మధ్యలో పెద్ద పట్టాభిషేకమో కల్యాణమో వుంటే, చుట్టూ వరసలుగా చిన్న చిన్న గళ్ళలో కథంతా నడుస్తుంది. ఆ గళ్ళ పక్కనే సన్నటి పట్టీలో తెలుగు అక్షరాలు! ఇది ఫలానా ఘట్టం అని. గుళ్ళో ఆ గుడ్డ కడితే చదువొచ్చినవాళ్ళు చదివేవాళ్ళు, రానివాళ్ళు బొమ్మ చూసి కథ చెప్పుకునేవాళ్ళు. పక్కపక్కన నిలబడి చూస్తుంటే ఒకరి చదువు ఇంకొకరికి అంటేది.

మధ్యలో ఈ విద్య దాదాపు అడుగంటింది. 1950లలో కమలాదేవీ ఛటోపాధ్యాయగారి పూనికతో కాళహస్తిలో శిక్షణ కేంద్రం పెట్టి, జొన్నలగడ్డ లక్ష్మయ్యగారిలాంటి పెద్దలచేత నేర్పించారు. ఆయన కుమారుడు గురప్పశెట్టిగారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. ఇవాళ కాళహస్తిలో కలం పట్టిన చేతుల్లో ఆడవాళ్ళవీ బోలెడు.

ఇక మన బళ్ళ సంగతి. అట్టమీద గళ్ళు గీసి "అ అమ్మ, ఆ ఆవు" అని అచ్చేసిన పటం మేకుకి వేలాడని బడి వుందా? ఆ పటంలో వున్న చిక్కు మా వదినే చెప్పింది. చిత్తూరు సీమంటే మూడు భాషల ముంగిలి. అటు తమిళం, ఇటు కన్నడం. ఇంట్లో అరవం మాట్లాడే పిల్లని పటం ముందు నిలబెట్టి "ఉ" దగ్గర వేలుపెట్టి ఇదేమిటి అంటే, ఆ పిల్ల చక్కగా "అణిల్" అంటుంది. ఎందుకంటే ఉడతని వాళ్ళమ్మ అలాగే పిలుస్తుంది. పైగా అరవ వాచకంలో "అ" నేర్పేది ఆ ఉడతతోనే! బొమ్మ ఒక్కటే, అక్షరం వేరు. పిల్ల చెప్పింది తప్పా? కాదు. బొమ్మ అందరినీ ఒక చోటికి పిలుస్తుంది. అక్కణ్ణించి మాట దగ్గరికి చెయ్యిపట్టి నడిపించాల్సింది టీచరు. "అవునమ్మా, మీ ఇంట్లో అణిల్, మనం తెలుగులో ఉడత అంటాం" అని రెండూ పలకమీద పక్కపక్కన రాసిస్తే ఆ పిల్లకి రెండు భాషలొస్తాయి. "తప్పు, కూర్చో" అంటే ఒక భాషా రాదు, బడి కూడా చేదవుతుంది.

ఇప్పుడు మదనపల్లెకి పోదాం. 1895లో జిడ్డు కృష్ణమూర్తిగారు పుట్టిన ఊరు. దానికి కొద్దిదూరంలో కొండల మధ్య ఆయన స్థాపించిన రిషీవ్యాలీ పాఠశాల సంగతి చాలామందికి తెలుసు. పెద్దింటి పిల్లల హాస్టలు బడి అని తెలుసు. ఆ లోయ చుట్టూ వున్న పల్లెల్లో గొర్రెలు కాసేవాళ్ళ పిల్లలకి, కూలివాళ్ళ పిల్లలకి అక్కడే పుట్టిన చదువు సంగతి మాత్రం ఎక్కువమందికి తెలియదు.

1980ల చివర్లో పద్మనాభరావుగారు, రమగారు అనే భార్యాభర్తలు ఆ పని నెత్తికెత్తుకున్నారు. అంతకుముందు రిషీవ్యాలీలో పనిచేసిన డేవిడ్ హార్స్‌బర్గ్ అనే ఇంగ్లీషు మాస్టారు, 1972లో సరిహద్దు దాటగానే కోలారు జిల్లాలో నీల్‌బాగ్ అనే చిన్న బడి పెట్టి, అన్ని వయసుల పిల్లల్నీ కలిపి కూర్చోబెట్టి ఎవరి వేగాన వాళ్ళని చదవనిచ్చేవారు. ఆ ఆలోచన ఈ దంపతులకి దారి చూపింది.

పల్లెలో వాళ్ళ ముందున్న సమస్య ఏమిటంటే ఒకే గది, ఒకే టీచరు, అయిదు తరగతులు. ఒకటో తరగతికి "అ" దిద్దిస్తుంటే అయిదో తరగతి అల్లరి చేస్తుంది. పైగా చెనక్కాయలు పీకే రోజులొస్తే సగంమంది పిల్లలు చేలోకి పోతారు. ఆడపిల్లయితే చంటిపిల్లాణ్ణి చూసుకోవటానికి ఇంట్లో ఆగిపోతుంది. మూడు వారాల తరవాత బడికొస్తే పాఠం ఆరు పేజీలు ముందుకి పోయి వుంటుంది. ఏమీ అర్థంకాక వెనక బెంచీలో కూర్చుంటుంది. ఇంకో నాలుగు రోజులకి రావటమే మానేస్తుంది. అలా చడీచప్పుడూ లేకుండా చదువు మానేసిన ఆడపిల్లలు ఎంతమందో! "ఆ పిల్లకి బుర్ర లేదు" అని ఊళ్ళో తీర్పు చెప్పేస్తారు.

దీనికి వాళ్ళు కనిపెట్టిన మందు గోడమీద ఒక నిచ్చెన. నిజం నిచ్చెన కాదు, పటం. పాఠ్యపుస్తకాన్ని విడగొట్టి చిన్నచిన్న అట్టముక్కలు చేశారు. తెలుగు నేర్చుకునే దారంతా మెట్లుమెట్లుగా గోడమీద గీశారు. ఒక్కొక్క మెట్టుకీ కొన్ని అట్టలు. ఒక్కో రకం పనికి ఒక్కో బొమ్మ, దాని పక్కన అంకె. అదే బొమ్మ, అదే అంకె అట్టమీదా వుంటాయి. పిల్ల బడికి రాగానే నిచ్చెన దగ్గరికి పోతుంది. నిన్న తను ఎక్కడ ఆగిందో చూసుకుంటుంది. తరవాతి బొమ్మ ఏదో చూసి, అరలోంచి ఆ అట్ట తీసుకుంటుంది. అక్షరాలు ఇంకా రాని పిల్ల కూడా బొమ్మని బట్టి తన పాఠం తానే వెతుక్కోగలదు! ఆ అట్టని బట్టే ఏ గుంపులో కూర్చోవాలో తెలుస్తుంది. కొత్త పాఠమయితే టీచరు దగ్గర, సాధన అయితే తోటి పిల్లల దగ్గర, వచ్చేసిన పాఠమయితే తనంత తాను.

మూడు వారాలు చేలోకి పోయిందా? ఏం ఫరవాలేదు. నిచ్చెన అక్కడే వుంటుంది. తన మెట్టు తనకోసం కాచుకుని వుంటుంది. "నువ్వు వెనకబడ్డావు" అనే మాట ఆ గదిలో ఎవరూ అనక్కర్లేదు.

మనం వైకుంఠపాళీ ఆడినవాళ్ళమే. అందులో నిచ్చెనలున్నంత ముచ్చటగా పాములూ వుంటాయి. పరమపదం దాకా పోయి పెద్దపాము నోట్లో పడి మళ్ళీ మొదటికి రావటం ఎంత ఏడుపొచ్చేదో! మామూలు బడి చాలామంది పిల్లలకి అటువంటి వైకుంఠపాళీయే. ఈ గోడమీది పటంలో మాత్రం పాములు లేవు. అదీ తేడా.

ఆ అట్టలమీద రాసిన మాటలు కూడా ఎక్కణ్ణించో తేలేదు. అక్కడి పల్లె కథలు, పాటలు, పొడుపుకథలే పాఠాలయ్యాయి. తల్లులు బడికొచ్చి కథలు చెబితే అవీ చదువులోకి వచ్చాయి. నైజీరియాలో మేరీ చేసిన పని చెప్పానే, సరిగ్గా అదే. పిల్ల ఎరిగిన లోకంలోంచి బొమ్మ రావాలి, ఆ బొమ్మ వెనకే మాట రావాలి.

ఆ నిచ్చెన తరవాత చాలా ఊళ్ళెక్కింది. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోట టీచర్లు వచ్చి చూసి, యూనిసెఫ్ సాయంతో "నలి-కలి" అనే పేరుతో కన్నడంలో మొదలుపెట్టారు. "ఆడుతూ నేర్చుకో" అన్నమాట. 2003లో చెన్నై కార్పొరేషను బళ్ళలో తమిళంలో మొదలై, 2007 నాటికి తమిళనాడంతా పాకింది. ఉడతని అణిల్ అనేవాళ్ళకీ మన నిచ్చెన పనికొచ్చింది!

ఇదంతా విని మా వదిన వూరుకుందనుకుంటున్నారా? "నిచ్చెన మంచిదే. కానీ దాని కింద పట్టుకునేదానికి ఒక మనిషి వుండాల కదమ్మా. అట్టలు పంచేసి కుర్చీలో కూర్చుంటే అది చదువయితుందా?" అంది. నిజమే. వేల బళ్ళకి ఒకేసారి పంచినప్పుడు వచ్చే ప్రమాదం అదే. అట్టలు లారీలో పంపవచ్చు. ఆ అట్ట తీసుకున్న పిల్ల మొహం చూసి, ఎక్కడ తట్టుకుందో పోల్చుకునే ఓపికని లారీలో పంపలేం. ఇవాళ సెల్‌ఫోన్లో ముప్పయి రంగుల్లో, నలభై బాణాలతో ఒక పటం వస్తుంది. దాన్ని గోడమీద వెలుతురుతో చూపించి "చూశారుగా, అయిపోయింది" అంటే మా వదిన మొదట భయపడినదే జరుగుతుంది. పిల్లలు చూస్తారు. నోరు తెరవరు.

మరి నోరు తెరిపించే దారి? ఆ దారి కూడా ఆవిడే వేసింది. రిటైరయ్యే ఏడు, ఏడో తరగతి పిల్లలచేత ఒక పటం గీయించింది. పొడుగాటి పట్టీలో ఇరవైనాలుగు గళ్ళు. గంటకొక గడి. ఇంట్లో అమ్మ ఏ గంటలో ఏం చేస్తుందో అడిగి తెలుసుకుని బొమ్మ వెయ్యాలి. కింద ఇంకో పట్టీ, నాన్నది. ఆ తరవాత నిలబడి దాన్ని చూస్తూ అయిదు వాక్యాలు చెప్పాలి. "కంటే", "ఎక్కువ", "సగం", "అప్పటికింకా"... వ్యాకరణంలో ఎంత చెప్పినా రాని మాటలన్నీ పిలకాయల నోట వాటంతటవే వచ్చాయట. ఒక పిల్ల లేచి, "మా అమ్మ పట్టీలో ఖాళీ గడి లేదు టీచర్" అని మాత్రం చెప్పి కూర్చుందట. ఇంకో మాట అనలేదు. క్లాసంతా నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దం మా వదిన భయపడిన నిశ్శబ్దం కాదు. ఒక వాక్యం బరువు అందరికీ తెలిసినప్పటి నిశ్శబ్దం.

ఆ పిల్లకి తెలియకపోయినా ఆ పట్టీలోని లెక్కని దేశం కూడా వేసింది. 2024లో కేంద్ర ప్రభుత్వం చేసిన సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి 289 నిమిషాలు దానికే పెడుతున్నారని తేలింది. ఆ పని చేసే మగవాళ్ళు పెట్టేది 88 నిమిషాలు. ఈ రెండంకెల్నీ వరసగా చదివితే ఒక కంట చూసి ఇంకో కంట మరిచిపోతాం. పది నిమిషాలకొక చీపురు చొప్పున గీసి చూడండి. ఒక వరసలో దాదాపు ఇరవైతొమ్మిది చీపుళ్ళు. ఇంకో వరసలో తొమ్మిది కూడా నిండవు. న్యూరాత్ దంపతులు చెప్పినట్టు చీపురు పెద్దది చెయ్యక్కర్లేదు. లెక్కపెడితే చాలు.

అందుకే నాకు తోచేదేమిటంటే, బొమ్మ మాటకి సవతి కాదు, తోడికోడలు. ఇద్దరూ ఒక వంటింట్లో పనిచేస్తేనే ఇల్లు గడుస్తుంది. టీచరు గీసి చూపించిన బొమ్మకంటే పిల్ల గీసి చెప్పిన బొమ్మ గొప్పది. ఎందుకంటే గీయాలంటే అడగాలి, అడగాలంటే మాట్లాడాలి, గీశాక ఎందుకలా గీశావంటే సమాధానం చెప్పుకోవాలి. భాష నేర్చుకోవటమంటే అంతకంటే ఏముంది?

వచ్చే సెలవుల్లో మీ పిల్లలచేతా ఇరవైనాలుగు గళ్ళ పట్టీ ఒకటి గీయించండి. అయిదు వాక్యాలు చెప్పమనండి. వాళ్ళ తెలుగు ఎంత బాగుపడుతుందో తరవాత సంగతి. ఆ పట్టీని మాత్రం వాళ్ళ నాన్నగారు కాఫీ తాగే చోట, కళ్ళకెదురుగా గోడకి అంటించటం మరిచిపోకండేం!